అరగ్లాసు పాలు

రశ్మీ,

నేను ఆఫీసుకు పోతున్న. టేబుల్ మీద డబ్బా ఉన్నది, విప్పి చూడు. పాలు పిండుకునే పంపు, అఫ్జల్‌గంజ్‌ల తెచ్చిన. దుకాణపాయన రెండు చూపెట్టిండు. కరెంటుది జల్దీ అయితది గానీ మస్తు సప్పుడు. సోమవారం నుంచి నువ్వు డ్యూటీల పిండుకునేది ఆ స్టోర్‌రూంలనే కదా. ఆడ ప్లగ్గు లేదంటివి, తలుపవతలనే మొగోళ్లు కూసుంటరంటివి. అందుకే చేతితోని నొక్కేది తీసుకున్న. కప్పు సైజు సరిపోకుంటే వాడకముందే చెప్పు, మార్చుకొస్త.

ముందుగాల గిన్నెల నీళ్లు మసలవెట్టి, పంపు విప్పి ఐదు నిమిషాలు అందుల ఉంచు. నీ పాలు మాత్రం మసలవెట్టొద్దు, బలం పోతది. ఈ మాట నాకే రాసుకుంటున్న.

నిన్న నువ్వు గంటసేపు చేతితోని పిండి అరగ్లాసు చేసినవ్. నేనేమో ప్యాకెట్ పాల లెక్క స్టవ్ మీద పెట్టి పొంగిచ్చిన. రోజూ పాలు కాచే చెయ్యి, ఇవి తల్లిపాలని సోచాయించలే. నువ్వు తిట్టినా నాకు నిమ్మళముండేది.

పప్పు చేసి పెట్టిన. పాప లేవకముందే తిను.

అత్తమ్మ

నిన్న పొంగిచ్చిన ఆ పాలు ఎవరి కాళ్లకిందా పడొద్దని మల్లెచెట్టు కుండీల పోసిన. నీ పెనిమిటి మూడు నెలల పిల్లగాడున్నప్పుడు నా పాలు రోజూ ఆఫీసు బాత్రూంల పోయినయి. ఇంట్ల వాడు డబ్బా పాలు తాగిండు. నీవి ఒక్క చుక్క గూడ గట్ల పోవద్దు బిడ్డా.