మ్సిబాని స్టాపు బోర్డు

పట్టణ రవాణా అధికారి గారి సముఖమునకు, మ్కొరొషోని గుట్ట మీది ఇంటి యజమాని సలేహె కిబ్వానా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా బస్సు స్టాపునకు తమరు దయచేసిన పేరును తొలగించు విషయము.

1. గత మాసము తమ కార్యాలయము వారు మా ఇంటి ఎదుట నీలిరంగు బోర్డు పాతించి, దానిపై 'మ్సిబాని' అని రాయించినారు. అంటే 'చావింటి దగ్గర' అని తమకు నేను చెప్పనక్కరలేదు. ఆ చావు నా భార్య జైతూనిది. ఆ ఇల్లు నాది. బోర్డు మీది బాణం సరిగ్గా నా గుమ్మంలోకి చూపిస్తోంది.

2. సదరు పేరు ఎట్లు వచ్చినదనగా: జైతూని బతికున్నన్నాళ్ళూ డలాడలా మినీబస్సులు కింద తారురోడ్డు దగ్గరే ఆగిపోయేవి. గుట్ట మీదికి బండి వేయించమని తమ కార్యాలయం చుట్టూ తిరిగి ఆమె చెప్పులు అరగదీసింది. "అక్కడ ఎక్కేవాళ్ళెవరమ్మా?" అని తమ గుమాస్తా నవ్వాడు. ఊపిరాడక ఆమె పడిపోయిన రోజున బొగ్గులమ్మే తోపుడుబండి మీద పడుకోబెట్టి కిందికి దింపాము. తారు కనబడకముందే పోయింది. మర్నాడు చుట్టాలు డలాడలాలు మాట్లాడుకుని నేరుగా మా గుమ్మం దాకా వచ్చారు. ఎక్కేవాళ్ళు లేరని తమరు చెప్పిన గుట్ట అదే. పరామర్శకు వేసిన గుడారం విప్పేశాక కూడా డ్రైవర్లు రావడం మానలేదు, ఇక్కడ జనం ఉన్నారని వాళ్ళకు తెలిసింది కనుక. స్టాపును మాత్రం ఆ చావు పేరుతోనే పిలిచారు, తమరు దాన్నే బోర్డుకెక్కించారు. శవం లేస్తేగాని తమ కంటికి జనం ఆనరా? రాస్తుంటే నాకు అసహ్యం వేస్తోంది.

3. మా ఇంట్లో రెండు గదులు అద్దెకు ఇవ్వదలచి ఉన్నాను. ఫోను చేసినవారు ఏ స్టాపు అని అడిగెదరు. చెప్పగానే, "కొత్త పెళ్ళాన్ని చావింట్లో దించమంటావా, పెద్దాయనా?" అని పెట్టేస్తున్నారు.

4. రోజూ సాయంత్రం కండక్టరు, నన్ను ఏడిపించాలని కాదు, అలవాటు కొద్దీ, "చావిల్లు, చావిల్లు, దిగేవాళ్ళు తలుపు దగ్గరికి రండి" అని అరుస్తాడు. స్టాపు పేరు చెప్పి అడిగితేనే బండి ఆపుతాడు, నేను ఆ పేరు నోటితో పలకను. ఇంకెవరూ దిగేవారు లేనినాడు చివరి స్టాపు దాకా పోయి వెనక్కి నడిచి వస్తున్నాను. ఇదేమిటని అడిగితే వాడు, "పేరు నేను పెట్టానా? బోర్డు చూసి అరుస్తున్నా. తిట్టేదుంటే ఆఫీసులో తిట్టు, పెద్దాయనా" అన్నాడు. వాడి మాట న్యాయంగానే ఉంది కనుక ఇక్కడ తిడుతున్నాను.

5. ఇరుగుపొరుగు సంతకాలు జతపరచలేకపోయినందుకు మన్నించాలి. పక్కింటావిడ మామా ఎషా కలం కూడా ముట్టుకోలేదు. "పేరు తియ్యమంటే స్టాపే పీకేస్తారు. నా పిల్ల ఆ బండిలోనే బడికి పోతోంది. జైతూని ఉంటే నీ చేతిలో ఈ కాగితం చింపేసేది" అంది.

కావున సదరు బోర్డు తీయించి, జైతూని పేరో, గుట్ట పేరో, ఏ పేరూ లేని ఉత్త రేకో పెట్టించగోరుచున్నాను. ఈసారైనా నవ్వకుండా చిత్తగించవలెను.

గత్యంతరము లేక తమ విధేయుడు,
సలేహె కిబ్వానా

తా.క.: ఇది తమ గుమాస్తా కిటికీ ముందు నిలబడి రాస్తున్నాను. అదే గుమాస్తా. అర్జీ చదివి, "పేరు మారిస్తే కొత్త స్టాపు కింద లెక్క. మళ్ళీ తనిఖీ జరిగి అనుమతి వచ్చేదాకా అక్కడ బండి ఆగదు. నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమట. ఎషా పిల్ల బడికి పోవాలి. పేరు ఉండనివ్వండి. రేపటినుంచి నేనూ ఆ పేరు చెప్పే దిగుతాను. బాణం మాత్రం మా గుమ్మం వైపు వద్దు, తమ కార్యాలయం వైపు తిప్పించండి. ఆమె చావు బయలుదేరింది ఇక్కడినుంచే.