నా ఒక్క చెయ్యి దించుకుంటున్నాను

వికారాబాదు,
1957 జూన్

బిషప్ అయ్యగారికి ముసలిదాని వందనాలు. కోప్పడకుండా చివరిదాకా చదవండి.

మీరు మా పాత పాస్టరుగారిని కొడంగల్‌కు మార్చి, ఆయన జాగాలో కొత్తాయన్ను పంపినప్పుడు సంఘమంతా గుడిలో కూడింది. "మనల్ని అడగకుండ పంపిన పాస్టరు మనకు అయ్యగారెట్లైతడు?" అన్నాడు సంఘపెద్ద యోసేపు. తాండూరులో మా బిడ్డ వాళ్ల సంఘం మీ కిందిది కాదు. అక్కడ పాస్టరును వాళ్లే చేతులెత్తి ఎన్నుకుంటారు. మేమూ అట్లాగే చేతులెత్తి, కొత్తాయన వద్దని మీకు రాశాం. నేనూ ఎత్తాను. నా ఫికరంతా ఒక్కటే. నన్ను సమాధిలో పెట్టే రోజున నన్ను ఎరిగిన మనిషే నాలుగు మాటలు చెప్పాలి. పాతాయనకు నా కథంతా తెలుసు.

నిన్న కొత్తాయన మా ఇంటికొచ్చి జొన్నరొట్టె తిని, "అవ్వా, నీ ముచ్చట చెప్పు, వింట" అన్నాడు. దీపాలు పెట్టేదాకా చెప్పినా నా పెళ్లి దగ్గరికే వచ్చాం. "మిగిలింది రేపు చెప్పు" అని నవ్వుకుంటూ పోయాడు.

అందుకని నా ఒక్క చెయ్యి దించుకుంటున్నాను. యోసేపుకు తెలియనీయకండి, తిడతాడు. ఈయన్ను మాత్రం తొందరపడి మార్చకండి, నా కథ చాలా ఉంది. మార్చాలనుకుంటే ముందు మమ్మల్ని అడగండి. అప్పుడు ఈయనే ఉండాలని రెండు చేతులూ ఎత్తుతాను.