తీగలు దించిన పాట

బావా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే శైలజ వచ్చింది, నీ దగ్గర గిటారు నేర్చుకున్న టెక్కలి పిల్ల. "ఆ పాట సరిగ్గా వాయించినోలికే నా గిటారు" అని రోజూ వాయించే నీ పాట గురించి నువ్వన్న మాట గుర్తుంది కాబట్టి, ముందు వాయించమన్నాను.

తీగలన్నీ పైకి బిగించింది. నువ్వు తాపీగా, దిగులుగా వాయించే పాటని పెళ్ళి ఊరేగింపులా పరిగెత్తించింది. గిటారు కొట్టేయడానికి ఏదో ఒకటి వాయించేస్తోందని నాకు అనుమానం వచ్చింది.

"మీ మేస్టారు ఇలాగ వాయించీవోరు కాదమ్మా," అన్నాను.

"కాయితంలో ఇలాగే ఉందండి, సూడండి," అంటూ నీ గిటారు పెట్టెలోంచి ఆ పాట స్వరాల కాగితం తీసి, పైన ఇంగ్లీషులో ఉన్నది చదివింది. చురుగ్గా, ఉల్లాసంగా వాయించాలట.

"మరి ఆయన తీగలు దించీసీవోరు కదా? బిగిస్తే మన నౌపడ ఉప్పుగాలికి తెగిపోతాయని సెప్పీవోరు."

ఆ పిల్ల ఒక తీగ వదులు చేసి నొక్కి చూపించింది. "తీగ వదులైతే నొక్కడం తేలికండి. మేస్టారి వేళ్ళల్లో సత్తువ ఉండీది కాదు."

కిడ్నీ జబ్బు సంగతి నాకు ఆఖరి నెలలో చెప్పావు. ఆ పాట మాత్రం అంతకు ముందు రెండేళ్ళుగా అలాగే విన్నాను.

గిటారు ఇచ్చేశాను. నువ్వు చెప్పినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ అనుమానంగా తిరగేసుకుంటున్నాను. కూరలో ఉప్పెక్కువైందని రోజూ పేచీ పెట్టేవాడివి. నా వంటకి వంక పెడుతున్నావనుకుని ఎన్ని పూటలు నీతో మాట్లాడలేదో, బావా.