ఆంటీ బాడీ కాదు, యాంటీబాడీ

మొగ్గలపాలెం,
పశ్చిమగోదావరి జిల్లా,
ఆగస్టు, 2005.

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బ్రతికియున్న నన్ను మరణించినట్లు నమోదు చేయుట – సదరు నమోదు రద్దు కోరుట – గురించి.

మొగ్గలపాలెం కాపురస్తురాలు, కీర్తిశేషులు వీర్రాజు గారి భార్య, లేసు అల్లకము వృత్తిగా గల సంపూర్ణమ్మ అను నేను మిక్కిలి వినయముతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. నాకు లింఫోమా అను క్యాన్సరు గలదు. మెడలోను, చంకలోను గడ్డలు లేచును. కీమో రెండు విడతలు ఎక్కించగా తగ్గినట్టే తగ్గి తిరిగి వచ్చినది. ఇక వాడదగిన మందు లేదని తేలిన మీదట, హైదరాబాదులో ఒక వైద్యశాల వారు యాంటీబాడీ అను కొత్త మందును తొలిదశ పరీక్షగా కొద్దిమందికి ఇచ్చుచు, నన్నును చేర్చుకొనిరి. "నయమవుతుందని మాటివ్వలేనమ్మా. మనిషి ఎంత మోతాదు తట్టుకుంటుందో చూడటానికే ఇది" అని డాక్టరుగారు ముందే చెప్పారు. మునిగేవాళ్ళకి గడ్డిపోచ దొరికినా పట్టుకుంటారు కదండీ, సంతకం పెట్టాను. మొదటి మోతాదుకే నిమ్మకాయంత గడ్డ ఉసిరికాయంత అయింది.

2. రెండవ మోతాదు విషయమై వైద్యశాల నర్సు మా ఊరి ఎస్.టి.డి. బూతుకు ఫోను చేసి, "సంపూర్ణమ్మగారి యాంటీబాడీ రెడీగా ఉంది, సోమవారం వచ్చి తీసుకోమనండి" అని చెప్పియున్నది. బూతు నడుపు బుల్లబ్బాయి నన్ను ఆంటీ అని పిలుచును. నా దగ్గర లేసు నేర్చుకున్న ఆడపిల్లలందరూ అంతే. అతనికి వినపడినది, "సంపూర్ణాంటీ బాడీ రెడీగా ఉంది, వచ్చి తీసుకెళ్ళండి" అని. నేను ఆ పూట తణుకులో మా చెల్లెలింట ఉంటిని. సాయంత్రం బస్సు దిగి వచ్చుసరికి మా వాకిట టెంటు వేసి, నా ఫొటోకు దండ వేసియున్నారు. నన్ను చూసి బుల్లబ్బాయి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అందరం ఏడ్చాం, ఆనక నవ్వాం, టెంటు విప్పేశారు. మరణాల రిజిస్టరులో మాత్రం అప్పటికే ఎక్కిపోయాను.

3. ఈలోగా వైద్యశాల వారు నా చిరునామా నిర్ధారణ కోరుచు పంచాయతీకి వ్రాయగా, "సదరు సంపూర్ణమ్మ మరణించినారు" అని ముద్ర వేసి జవాబు పంపిరి. మందు పుచ్చుకున్న మనిషి పోయిందని సర్కారు కాగితం వస్తే పరీక్ష ఆపి, మందు వల్లనే పోయిందా అని విచారించవలెనట. సోమవారం వెళ్ళి డాక్టరుగారి ఎదుటే నిలబడ్డాను. "నువ్వు బతికున్నట్టు నాకు కనపడుతూనే ఉందమ్మా. ఈ పరీక్షని కనిపెట్టి చూసే కమిటీవాళ్ళకి కాగితం కావాలి. లేకపోతే చచ్చిన మనిషిని దాచి ఇంకెవర్నో చూపిస్తున్నామంటారు" అన్నారు. నాకొక్కదానికే కాదు, అందరికీ మందు ఆపేశారు. అదే జబ్బుతో రామచంద్రపురం నుంచి వచ్చే విశ్వనాథ్ మాస్టారు, "సంపూర్ణమ్మగారూ, మీరు కాస్త త్వరగా బతకండమ్మా, మాకూ మందు పడుతుంది" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

4. పంచాయతీలో అడుగగా, మరణించినవారు స్వయముగా అర్జీ పెట్టుకొనుటకు వీలులేదు, వారసులు పెట్టవలెను అని సెలవిచ్చిరి. అయ్యా, నాకు పిల్లలు లేరు. వారసుడంటే మా మరిదే. నన్ను రిజిస్టరులో ఎక్కించిన గుమాస్తాయు మా మరిదే. దుర్బుద్ధితో కాదండి. వదిన పోయిందన్న దుఃఖంలో, తర్వాత ఏ పనీ ఆగకూడదని, శవం ఊళ్ళోకి రాకముందే రాసేశాడు. ఇప్పుడు, "చూడకుండా రాశానని ఒప్పుకుంటే ఉజ్జోగం ఊడిపోద్ది వదినా, ఇద్దరాడపిల్లలు" అని నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తాడు. విచారణకు మనిషిని పంపమని వేడుకొనగా, తమ కార్యాలయము వారు పంపినది కూడా అతనినే! "విచారించితిని, మరణము వాస్తవమే" అని రాసిచ్చాడు. ఆ పూట నేను వడ్డించిన చేపల పులుసు తిని మరీ రాశాడు.

5. కావున తమరు గ్రహించవలసినది ఏమనగా, నేను చచ్చానని మందు ఆపారు, మందు ఆపితే చస్తాను. అప్పుడు రిజిస్టరు సరిగ్గానే ఉంటుంది, ఎవరి ఉద్యోగమూ పోదు. అందరికీ సులువే, నాకు తప్ప. ఏం చెయ్యనండీ, నాకు బతకాలని ఉంది! తమరు స్వయముగా మా గుమ్మంలోకి దయచేసి, నన్ను కళ్ళారా చూసి, బ్రతికియున్నట్లు ధ్రువపత్రము ఇప్పించ ప్రార్థన. గుమాస్తా పేరు ఇందులో వ్రాయలేదు, అడుగవద్దు.

ఊపిరి ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సంపూర్ణమ్మ (సజీవురాలు)

మరొక మాట: కవరు అంటించబోతూ మెడ తడుముకున్నాను. గడ్డ మళ్ళీ పెరిగింది. ఎవరి మీద ఫిర్యాదో పేరు లేకపోతే అర్జీ లోపలికే పోదని తమ ఆఫీసు బంట్రోతు నిన్ననే చెప్పాడు. రాస్తున్నాను. చిట్టియ్య. మా మరిది పేరు చిట్టియ్య. అతన్ని ఏమీ చెయ్యొద్దని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ఇంతలో అతని భార్య లోవలక్ష్మి నాకు జావ కాచి తెచ్చింది. చల్లారిందో లేదో తనే చూసి గ్లాసు చేతికిస్తూ, "ఏంటక్కా రాస్తన్నావు?" అంది.

చెల్లెలికి ఉత్తరం అన్నాను.