పెరట్లో దించిన ఇంజను

ఉదయగిరి,
22-7-1979

ప్రియమైన మాలకొండయ్య అన్నకు రజియా సలాములు.

మీ స్నేహితుడి నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన జరిగింది. ఆత్మకూరు నుంచి మీరొస్తారని అత్త పలావు తీసి ఉంచింది. రాలేదు.

నేను ఇద్దత్తులో ఉన్నాను. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. అక్టోబరు పదిహేనుకు గడువు తీరుతుంది. అందాకా ఏ మెకానిక్కూ మా పెరట్లోకి రాలేడు.

లారీ ఇంజను అరిగిపోయి బోరుకొచ్చింది, షెడ్డులో వేస్తే నెలలు తిప్పుతారు, ఇంట్లోనే దించుకుందామని మీరిద్దరే కదా మొదలుపెట్టారు! ఆయన మీద పడిన ఇంజనును పక్కకు దొర్లించి అలాగే వదిలేశారు. బావికి వెళ్లాలంటే దాని పక్కనుంచే వెళ్లాలి. ఆ లారీ తప్ప నాకూ ఇద్దరు ఆడపిల్లలకూ వేరే ఆధారం లేదు. వానలకు తుప్పు పట్టిపోతే మా బతుకు అంతే. ఏం చేయాలో రాయండి.

మీ చెల్లెలు,
రజియా

ఆత్మకూరు,
2-8-1979

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరిగాను. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

బరువు తగ్గాలని ఇంజను పైన మూతలా ఉండే హెడ్డు ముందే విప్పాం. అందుకే పైన ఆరు పెద్ద గుంతలు కనిపిస్తాయి. వాటి లోపలి గోడలకు వేళ్లతో ఆయిల్ బాగా పూసి, పాత గుడ్డలు కుక్కు. పైన తార్పాలిన్ కప్పు. గోనెసంచులు మాత్రం వద్దు, తేమ పట్టేస్తాయి.

నేను షెడ్డు తెరవడం లేదమ్మా. స్పానర్లన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టాను. గడువు తీరాక మునెయ్యను పంపుతాను. మంచి మెకానిక్కు. నేను రాలేను.

నీ మేలు కోరే,
మాలకొండయ్య

ఉదయగిరి,
10-9-1979

ప్రియమైన అన్నకు,

మీరు చెప్పినట్టే చేశాను. ఆయిల్ పూసిన చేతులు ఎంత కడిగినా మూడు రోజులు ఆయన వాసనే. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఏడ్చాను.

నిన్న గాలికి తార్పాలిన్ ఎగిరిపోయింది. అత్తా నేనూ లాగి కట్టేసరికి తడిసి ముద్దయ్యాం. కొండాపురం నుంచి పాత ఇనుము కొనేవాడొకడు గోడ అవతల నుంచి కేకేశాడు: "ఏమ్మా, ఆ ఇనుమట్టా పెట్టుకోని ఏం చేస్తారు? తూకానికి ఇచ్చేయండి." నేను గొంతెత్తి వాణ్ని పొమ్మనడానికి కూడా లేదు. అత్తే తిట్టి పంపింది.

మునెయ్య వద్దు. "మాలకొండయ్య విప్పిన ఇంజను వాడే బిగించాల, ఇంకొకడు ముట్టుకుంటే మళ్లీ విప్పాల్సిందే" అని ఆయన అనేవారు. ఏ నట్టు ఎక్కడిదో మీకే తెలుసు. మీరే రండి.

మీ రాక కోసం చూసే,
రజియా

ఆత్మకూరు,
19-9-1979

చెల్లెమ్మా,

ఇక దాచలేను. ఖాదర్ బాషా కట్టిన ముడి జారిందని నువ్వు పోలీసులకు చెప్పావు. ఊరంతా నన్నే ఓదార్చింది. ముడి జారలేదు. ఇంజనును ఎత్తి కట్టిన మోకే తెగింది. ఆ మోకు నాది.

వాడు ఆ పొద్దున చెప్పాడు: "నానిపోయిన మోకురా ఇది. ఆత్మకూరు పోయి చైను తెచ్చుకుందాం. రేపు ఎత్తుకుంటే ఏమైపోద్ది?" నేనే నవ్వాను. "ఏందిరా నీ భయం, ఇట్టాంటివి వంద దించినాను" అని వాణ్ని ఇంజను కిందికి పొమ్మన్నాను. వాడు పోయాడు.

ఈ కాగితం పోలీసులకు చూపించు. ఇంజను అమ్మేసెయ్. నన్ను అన్నా అని పిలవకు.

మాలకొండయ్య

ఉదయగిరి,
27-9-1979

మాలకొండయ్య అన్నకు,

ఆ మాటలు నేను ఆ రోజే విన్నాను. పొయ్యి దగ్గర ఉన్నాను, కిటికీ తీసే ఉంది. ఆయన అన్నదీ విన్నాను, మీరు నవ్విందీ విన్నాను.

ఎస్సై అడిగితే, "మా ఆయన కట్టుకున్న ముడే సార్, జారినాది" అన్నాను. మీ మీద జాలితో కాదు. మిమ్మల్ని పట్టుకుపోతే ఈ ఇంజను బిగించేదెవరు, పిల్లలు ఏం తింటారు అని అనుకున్నాను. అప్పటికింకా ఆయన్ని పెరట్లోంచి లోపలికి కూడా తేలేదు. అంత త్వరగా ఆ ఆలోచన ఎలా వచ్చిందో! తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. మీరు విప్పిన ఇంజను బిగించడానికి నాకు ఇంకో మనిషి లేడు, అంతే. మీ ఉత్తరం పొయ్యిలో వేశాను. అత్తకు ఏమీ తెలియదు, తెలియనివ్వకండి.

అక్టోబరు పదహారున రండి. మిమ్మల్ని చూస్తే ఏమంటానో నాకే తెలియదు. తిడతానేమో, మీ మొహాన తలుపు వేస్తానేమో. నేను ఏమన్నా సరే, మీరు మాత్రం పని ఆపకండి.

రజియా