మీ సాక్ష్యం తర్జుమా చేశాను, అయ్యగారూ

కెప్టెన్ అయ్యగారూ, మీరు పోయి ఏడాదైంది. నిన్న శుక్రవారం అబూ హలీఫాలో, మనం ప్రార్థన చేసుకునే ఆ హాల్లోనే, మీ జ్ఞాపకార్థ కూడిక పెట్టారండి. కొత్త ఇంగ్లీషు పాస్టరు మీ జీవితం చదివాడు. ఒక్కో మాటా తెలుగులో చెప్పడానికి, అప్పట్లో మీ ప్రసంగాలకి మీ పక్కన నిలబెట్టినట్టే, నన్నే నిలబెట్టారు.

స్కాట్లాండులో పుట్టడం, నౌకాదళంలో ఆఫీసరవడం, ఓడలో రమ్ము తాగి పడిపోయిన మిమ్మల్ని ప్రభువు లేవనెత్తడం, అన్నీ చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. మీ తాగుడు సాక్ష్యమైపోయింది.

మా ఆయన కూడా మీ ముందు మోకరించి, దొంగసారా తాగానని ఏడ్చాడు. ఆ మాట మీకు ఇంగ్లీషులో చెప్పింది నేనే. మర్నాడే మీరెళ్లి ఆయన్ని పనిలో పెట్టుకున్న కఫీల్‌కి చెప్పేశారు. "సత్యం దాచకూడదమ్మా" అన్నారు నాతో. సారా నిషేధమైన ఈ అరబ్బు దేశం నుంచి వారం తిరక్కుండా ఆయన్ని విమానమెక్కించేశారు. మా ఊరు రాజోలు నుంచి ఒక్కటే ఉత్తరం రాశాడు: "నువ్వే అప్పజెప్పావు."

నిన్న చివర్లో పాస్టరు, "ఈయన ఎవరి చెయ్యీ వదల్లేదు" అన్నాడు ఇంగ్లీషులో.

"నా మొగుణ్ణి కఫీల్‌కి పట్టిచ్చింది ఈయనే" అన్నాను తెలుగులో.

పాస్టరు నవ్వుతూ ఆమెన్ కోసం చూశాడు. ఒక్కరూ అనలేదు.

సత్యం దాచకూడదు కదండీ, అయ్యగారూ.