ఆపకూడని డిస్కు

ఆయుధపూజ రోజు, 2003. మదనపల్లె.

మా రక్తపరీక్షల ల్యాబ్‌లో లినక్స్ సర్వర్ హార్డ్ డిస్కు చావుకు దగ్గరపడింది. రోజూ చూస్తున్నాను, డేటా దాచే సెక్టార్లు ఒక్కొక్కటే పాడవుతూనే ఉన్నాయి. తిరుగుతున్నంతసేపే దాని ప్రాణం. పేషెంట్ల రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. కాపీ తీయడానికి కొత్త డిస్కు ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

సాయంత్రం ఓనర్ రెడ్డెప్ప సర్వర్‌కి కుంకుమ పెట్టి, "పండగ పూటన్నా దానికి రెస్టు ఇయ్యప్పా, ఆపెయ్" అన్నాడు.

"ఆపితే మళ్లీ లేస్తాదో లేదో సార్" అన్నాను.

"పూజ చేసినాంక యాల లేయదు?"

కొత్త డిస్కు కొననివాడు కుంకుమ మాత్రం దండిగా పెట్టాడు. ఓనర్ మాట కాదనలేక నేనే ఆపాను.

పోతూ పోతూ నా భుజం తట్టాడు. "నీ చెయ్యి మంచిదప్పా. రేపు టెంకాయ కొట్టినాంక బటన్ నువ్వే నొక్కల్ల."